మంజాళి ఎన్ని కారట్లు?

మా అమ్మ సంవత్సరీకాలు అయిన మర్నాడు మా ఇంట్లో ఒక పంచాయితీ వచ్చిపడింది. బంగారం గొడవ ఎప్పుడో తేలిపోయింది. బంగారానికేముంది, త్రాసు ఉంది, ఆనాటి ధర పేపర్లో పడుతుంది, కూడికలు తీసివేతలు వచ్చినవాడెవడైనా పంచి పెట్టగలడు. చిక్కల్లా పెట్టె అడుగున మిగిలిన రెండు వస్తువుల దగ్గర వచ్చింది. ఒకటి ఒంటిరాయి ఉంగరం. రెండోది ఏడురాళ్ల దుద్దుల జత. తెలిసిన కంసాలి చేత రాళ్లు ఊడదీయించి తూయించాం. ఉంగరంలో రాయి సరిగ్గా ఒక కారటు. దుద్దుల్లో రాళ్లు పద్నాలుగు, ఒక్కోటి పది సెంట్లు. అంటే మొత్తం కారటు నలభై సెంట్లు.

దుద్దులు అక్కయ్యకి, ఉంగరం చెల్లాయికి అని ముందే అనుకున్నారు. "అయితే అన్నయ్యా, దుద్దులు నలభై సెంట్లు ఎక్కువ తూగాయి కదా, ఆ నలభై సెంట్ల డబ్బు అక్కయ్య నాకివ్వాలి కదూ?" అంది చెల్లాయి. అక్కయ్య పాపం కాదనలేదు. "ఎంతవుతుందో లెక్క కట్టరా తమ్ముడూ, ఇచ్చేస్తాను" అంది. బంగారమైతే చెల్లాయి మాట అక్షరాలా న్యాయం. కాని ఇవి రవ్వలాయె! నాకెందుకో అనుమానం వచ్చింది. రెండు రోజులు గడువడిగి, పుస్తకాల బీరువా తెరిచాను. కొట్టుకెళ్లి అడక్క పుస్తకాలేమిటండీ అని మా ఆవిడ నవ్వింది. నవ్వదూ మరి! కాని వజ్రాల ధర కట్టడమనే విద్యను ప్రపంచానికి వినిపించినవాడు మన తెలుగుదేశపు గనుల దగ్గరే అది చూసి రాసుకుపోయాడన్న సంగతి ఆవిడకు తెలియదు.

ఆ మనిషి జాన్ బప్టిస్ట్ టావెర్నియర్ అనే ఫ్రెంచి వర్తకుడు. 1605లో పుట్టి 1689 దాకా బతికాడు. ఆరుసార్లు తూర్పుదేశాలకు ప్రయాణం చేసి, 1676లో పారిస్‌లో ఆ యాత్రల పుస్తకం అచ్చు వేయించాడు. వలెంటైన్ బాల్ అనే ఐర్లండు భూగర్భశాస్త్రవేత్త 1889లో దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి, అందులో ఉన్న ఊళ్లు ఎక్కడెక్కడివో వెతికి పట్టుకున్నాడు. టావెర్నియర్ "రావొల్కొండ" అని రాసింది కర్నూలు దగ్గరి రామళ్లకోట అని, "గని" లేక "కూలూరు" అన్నది కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరని నిర్ణయించినది ఆయనే. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం ముంపులో ఉంది. టావెర్నియర్ వెళ్లేనాటికి మాత్రం అక్కడ అరవై వేలమంది పని చేస్తున్నారట. మగవాళ్లు తవ్వడం, ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మొయ్యడం. అంతకు నూరేళ్ల క్రితం ఎవరో బీదరైతు చిరుధాన్యం చల్లుకుందామని నేల తవ్వుతుంటే దాదాపు పాతిక కారట్ల రాయి దొరికిందనీ, ఆ గని కథ అలా మొదలైందనీ చెప్పాడు.

ఇంతకీ బేరం సంగతి. రామళ్లకోటలో ఆయన చూసిన ఒక ముచ్చట ముందు చెప్పాలి. ఊరి మధ్య చెట్టు కింద పొద్దున్నే వర్తకుల పిల్లలు చేరేవారు. పదేళ్ల నుంచి పదిహేను, పదహారేళ్ల వాళ్లు. ఒక్కొక్కడి నడుముకు ఒకపక్క తూకపురాళ్ల సంచి, ఇంకోపక్క అయిదారు వందల బంగారు వరహాల సంచి. ఎవరైనా రాయి తెస్తే అందరికంటే పెద్దవాడి చేతిలో పెడతారు. వాడు చూసి, పెదవి విప్పకుండా పక్కవాడికిస్తాడు. అలా చేతులు మారి మళ్లీ మొదటివాడి దగ్గరికి వస్తుంది. అప్పుడు వాడు బేరమాడతాడు. ఎక్కువకి కొంటే ఆ నష్టం వాడిదే. సాయంకాలం అయ్యేసరికి కొన్న రాళ్లన్నీ ముందు పోసుకుని నీరు ప్రకారం, బరువు ప్రకారం, స్వచ్ఛత ప్రకారం వేరు చేసి, ఒక్కొక్క దానికీ ధర కట్టి పెద్ద వర్తకులకు అమ్మేవారు. వచ్చిన లాభం అందరికీ సమానం, పెద్దవాడికి మాత్రం నూటికి పావు వంతు అదనం.

ఆ వయస్సులో మనం గోళీలు వేరు చేసుకున్నాం! సరే. ఆ పిల్లలు చేసే పని గమనించారా? ధర కట్టడానికి ముందు వేరు చెయ్యడం. ఒకలాంటి రాయి పక్కన ఒకలాంటి రాయి పెట్టాకే ధర మాట. ఈ రోజున మనం కొట్టుకు పోయి, ఒకచోట "కారటు ఇంత" అన్నారనీ ఇంకోచోట "అంత" అన్నారనీ తెచ్చుకుని పోల్చుకుంటాం. మొదటి రాయి ఏ రంగో, రెండోదాన్లో మచ్చ ఉందో లేదో మనకు పట్టదు.

పిల్లలది బహిరంగ బేరం. పెద్దలది వేరు. కొనేవాడూ అమ్మేవాడూ ఎదురెదురుగా మఠం వేసుకు కూచుంటారు. అమ్మేవాడు కొనేవాడి కుడిచెయ్యి పట్టుకుని పైన దట్టీ కప్పుతాడు. ఆ గుడ్డ కింద అరచెయ్యి మొత్తం పట్టి నొక్కితే వెయ్యి, ఎన్నిసార్లు నొక్కితే అన్ని వేలు. అయిదు వేళ్లు పట్టుకుంటే అయిదు వందలు, ఒక వేలు వంద, సగం వేలు యాభై, వేలికొన పది. చుట్టూ యాభైమంది ఉన్నా ఏ రాయి ఎంతకు పోయిందో ఒక్కడికి తెలియదు. బేరగాళ్లకు ఇది ఎంత సుఖమో, ధరలు పోల్చుకోదలచినవాడికి అంత కష్టం. పక్కవాడు ఎంతకు కొన్నాడో తెలియనప్పుడు నేను మోసపోయానో లేదో నాకెలా తెలుస్తుంది?

దానికి తోడు తూకం చిక్కు. నా కథకు ఇదే ఆయువుపట్టు. గనుల దగ్గర వజ్రాలను "మాంగెలీ"లలో తూచేవారని టావెర్నియర్ రాశాడు. మరేమిటో కాదు, మన మంజాళి, తమిళుల మంజాడి, అనగా బండి గురివింద గింజ. రామళ్లకోటలోనూ కొల్లూరులోనూ మంజాళి అంటే ఒకటీముప్పావు కారటు. గని దాటి గోలకొండ, బిజాపూరు రాజ్యాల బజార్లకు వస్తే అదే మంజాళి ఒకటింబావు మీద ఇంకో అరపావు, అంటే 1.375 కారటు. గోవాలో పోర్చుగీసువాళ్ల మంజాళి అయిదు గ్రెయిన్లే. నాలుగు గ్రెయిన్లు కారటు కనక, అది ఒకటింబావు కారటు. మొగలు రాజ్యంలో మంజాళే లేదు, అక్కడ గురిగింజ ఎత్తు రత్తి. అది కారటులో ఎనిమిదింట ఏడు వంతులు. పేరొకటే, గింజ ఒకటే, ఊరు మారితే బరువు మారిపోతుంది.

ఓస్, ఇంతేనా, కొద్ది తేడాయే కదా అంటారేమో. వజ్రాల దగ్గర కొద్ది తేడా కొద్దిగా ఉండదు. టావెర్నియర్ ధర కట్టే సూత్రం చూడండి. రాయి బరువు ఎన్ని కారట్లో ఆ అంకెను దానితోనే గుణించాలి. వచ్చినదాన్ని అటువంటి గుణమున్న ఒక్క కారటు రాయి ధరతో గుణించాలి. ఆయన ఇచ్చిన ఉదాహరణే చెబుతాను. 15 కారట్ల రాయి, మంచి నీరు, మంచి ఆకారం. 15ని 15తో గుణిస్తే 225. అటువంటి రాయి కారటుకు 150 లీవ్రలు (అది అప్పటి ఫ్రెంచి నాణెం లెక్క). 225ని 150తో గుణిస్తే 33,750 లీవ్రలు. అదే 15 కారట్ల రాయి లోపాలతో ఉంటే కారటుకు 80 లీవ్రలే, వెరసి 18,000. బరువు ఒక్కటే అయినా ధరలో దాదాపు సగం పోయింది.

ఇప్పుడు మంజాళి దగ్గరికి రండి. పది మంజాళీల మంచి రాయి ఉందనుకోండి. గని దగ్గర తూకమైతే అది పదిహేడున్నర కారట్లు, సూత్రం ప్రకారం 45,937 లీవ్రలు. గోలకొండ బజారు తూకమైతే 13.75 కారట్లు, 28,359 లీవ్రలు. గోవా తూకమైతే పన్నెండున్నర కారట్లు, 23,437. "పది మంజాళీల రాయి, ఇంత ధర" అని ఉత్తరం రాసినవాడు ఏ ఊరి మంజాళీయో రాయకపోతే చదివినవాడి ఇల్లు గుల్లే. ఇవి నేను కాగితం మీద వేసుకున్న లెక్కలే, కాని ఆనాటి వర్తకుడు ఈ లెక్క మనస్సులోనే వేసుకోవాలి, అదీ గుడ్డ కింద చెయ్యి పెట్టి!

ఈ తూకాల గొడవ మొగలుల కాలంతో పోయిందనుకునేరు. కారటు అన్నదీ మొదట్లో ఒక గింజే. మధ్యధరా దేశాల్లో పెరిగే కరోబు చెట్టు గింజ. లండన్ కారటు 205 మిల్లీగ్రాములు, ఫ్లారెన్సు కారటు 197. ప్రపంచం ఒక మాట మీదికి రావడానికి 1907 దాకా పట్టింది. అప్పుడు 200 మిల్లీగ్రాములని ఖాయపరిచారు. పాత పుస్తకాల్లో ఒకే వజ్రానికి రెండు మూడు బరువులు కనిపించి మనని తికమక పెట్టడానికి ఇదొక కారణం.

బరువును దానితోనే గుణించే ఊహ టావెర్నియర్ సొంతమేమీ కాదు. చిన్నదాని కంటే పెద్దదాని ధర బరువును మించి పెరుగుతుందన్న సంగతి మనవాళ్లకు ఆరో శతాబ్దం నాటికే తెలుసు. వరాహమిహిరుడు బృహత్సంహితలో ఎనిమిది తెల్లావాలు ఒక బియ్యపు గింజ అన్నాడు. ఇరవై బియ్యపు గింజల వజ్రానికి రెండు లక్షలు ధర కట్టి, బరువు తగ్గేకొద్దీ ధర అంతకంటే వేగంగా దింపుకుంటూ పోయాడు. లండన్‌లో డేవిడ్ జెఫ్రీస్ అనే నగల వర్తకుడు 1750లో వేసిన పుస్తకంలో కూడా ఈ గుణకార సూత్రమే ఉంది. కారణం తేలికే. నూరు చిన్నరాళ్లు దొరికితే ఒక పెద్దరాయి దొరుకుతుంది. చిన్నరాళ్లు ఎన్ని కలిపినా పెద్దరాయి కాదు.

ఇక రాయి గుణం. ఇక్కడే మనుషుల తెలివి బయటపడుతుంది. రామళ్లకోట సానవాళ్లు రాయి స్వచ్ఛంగా ఉంటే పైనా కిందా కాస్త సానపట్టి ఊరుకునేవారు, బరువు పోతుందని ఆకారం జోలికి పోయేవారు కాదు. రాయిలో మచ్చో, నలకో ఉందా, ఒళ్లంతా పట్టెలు తీసేవారు. తళతళల్లో మచ్చ కనిపించదు. చిన్న పగులుంటే సరిగ్గా ఒక పట్టె అంచు దాని మీదికి వచ్చేలా చేసేవారు. ఎర్రమచ్చ కంటే నల్లమచ్చ నయమని వర్తకులు అనుకునేవారు గనక, ఎర్రమచ్చ రాయిని కాల్చి నల్లమచ్చ చేసేవారట! అంటే ఎక్కువ పట్టెలున్న రాయిని చూసి మురిసిపోవలసింది పోయి, ఏం దాస్తోందో అని అనుమానించాలన్నమాట. ఈ రోజుల్లో అలా కాదు, పట్టెలన్నీ కొలతల ప్రకారం పడతాయి, వాటి పొందికకే ధర. అయినా ఆ సలహాలో పస పూర్తిగా పోలేదని నా నమ్మకం.

కొల్లూరు రాళ్లకు ఇంకో గుణం చెప్పాడు. సానపట్టాక కూడా పైన జిడ్డు తేలుతుందట, ఎప్పటికప్పుడు రుమాలుతో తుడిచి చూడాలట. రంగు చూసే పద్ధతీ మనది వేరు. ఐరోపావాళ్లు పగటి వెలుగులో చూస్తారు. ఇక్కడివాళ్లు రాత్రిపూట గోడలో అడుగు చదరం గూడు చేసి, లావాటి వత్తి వేసి దీపం పెట్టి, రాయిని రెండు వేళ్ల మధ్య పట్టుకుని ఆ వెలుగులో చూసేవారు. ఆకాశపు రంగు నీరు అన్నిటికంటే చెడ్డదనీ, అది ముడిరాయిలో తెలియదనీ, గుబురు చెట్టు కింద ఆకుపచ్చ నీడలో పెడితే నీలం బయటపడుతుందనీ రాశాడు.

ఇది చదివి నాకు నవ్వొచ్చింది. మా అమ్మమ్మ తరంవాళ్లు "బ్లూ జాగర్ రవ్వలే" అని మీసాలు లేకపోయినా మెలేసేవారు. జాగర్ అంటే దక్షిణాఫ్రికాలోని యాగర్స్‌ఫాంటైన్ గని. అది 1971లో మూతపడింది. అక్కడి రాళ్లకు ఎండలో లేత నీలపు జిగి ఉండేది. ఆ జిగినే ఇప్పటివాళ్లు ఫ్లోరసెన్స్ అంటారు, సర్టిఫికెట్లో రాస్తారు, తెల్లని రాయికి అది గట్టిగా ఉంటే ధర తగ్గిస్తారు. టావెర్నియర్ చెట్టునీడలో పట్టుకున్నది కూడా ఇదేనేమోనని నా ఊహ. అమ్మమ్మ కాలంలో ఎక్కువ ధర పెట్టి కొన్న గుణానికి మనవరాలు అమ్మబోతే తరుగు తీస్తున్నారన్నమాట. అక్కడ రాయి మారలేదు, కళ్లు మారాయి.

గుణం ధరనెలా తింటుందో చెప్పడానికి టావెర్నియరే రెండు మహావజ్రాలను పక్కపక్కన పెట్టాడు. 1665 నవంబరు 2న ఔరంగజేబు కొలువులో ఆయన చేతికిచ్చి చూపించిన వజ్రం 319న్నర రత్తులు, అంటే 279న్నర కారట్లకు కాస్త పైన. మీర్‌జుమ్లా షాజహానుకు సమర్పించిన 907 రత్తుల రాయి అది. హార్టెన్సియో బోర్జియో అనే వెనిస్‌వాడు దాన్ని చీల్చకుండా అరగదీసి అరగదీసి అంత చేశాడు. కూలి ఇవ్వడం మాట దేవుడెరుగు, అతనికే పదివేల రూపాయలు జుల్మానా వేశారట. ఆ వజ్రం అంచున చిన్న పగులుంది. అది లేకపోతే కారటుకు 160 లీవ్రలు కట్టేవాణ్ణి, ఉంది గనక 150 అన్నాడు టావెర్నియర్. వెరసి 1,17,23,278 లీవ్రలు. అంచు మీది ఆ పగులు ఖరీదు ఏడు లక్షల ఎనభై వేల పైచిలుకు! రెండోది టస్కనీ ప్రభువు దగ్గరున్న 139 కారట్ల చిల్లర వజ్రం. ఆకారం బాగుంది, కాని నిమ్మపండు ఛాయ ఉంది. దానికి కారటు 135 చొప్పున 26,08,335 లీవ్రలు. బరువులో మొదటిదానికి సగం, ధరలో పావు కూడా లేదు.

ముడిరాయికీ సానపట్టిన రాయికీ మధ్య ఎంత దూరమో తెలియాలంటే మద్రాసు గవర్నరు థామస్ పిట్ కథ వినాలి. కృష్ణాతీరపు గనుల్లో దొరికిన 410 కారట్ల ముడివజ్రాన్ని జామ్‌చంద్ అనే వర్తకుడు ఆయన దగ్గరికి తెచ్చి రెండు లక్షల వరహాలు అడిగాడు. నెలల తరబడి బేరం సాగి 1702లో 48,000 వరహాలకు తెగింది. ఇంగ్లీషు లెక్కలో ఇరవై వేల నాలుగు వందల పౌన్లు. లండన్‌లో సానపడితే 140 కారట్లు మిగిలింది. 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధి దాన్ని 1,35,000 పౌన్లకు కొన్నాడు. ఇప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది. రెండు లక్షల దగ్గర మొదలై నలభై ఎనిమిది వేల దగ్గర ఆగిన బేరంలో న్యాయమైన ధర ఎక్కడుందో ఎవరు చెప్పగలరు? బెదిరించి తీసుకున్నాడని పుకారు పుడితే, తాను సరిగ్గానే కొన్నానని పిట్ 1710లో సంజాయిషీ రాసుకోవలసి వచ్చింది.

ఇంకో ధర కూడా ఉంది. పని బాగా తెలిసిన గనికూలీకి సంవత్సరానికి మూడు వరహాలు జీతమని టావెర్నియర్ రాశాడు. పిట్ నాటికి అది కొంత పెరిగి ఉండవచ్చు. పెరగలేదనుకుంటే, ఆ ఒక్క రాయి ఖరీదు ఒక కూలీకి పదహారు వేల సంవత్సరాల జీతం. యాభైమంది కూలీలకు పన్నెండు, పదిహేనుమంది కాపలా. అయినా ఒకడు మంజాళి ఎత్తు రాయిని కంటి మూలలో దాచి దొరికిపోయాడట. కంట్లో! నాకు ఆ పుస్తకంలో మహావజ్రాల కంటే ఆ కన్నే ఎక్కువ గుర్తుండిపోయింది. ఇప్పటికీ తొలకరి వానలు పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు ప్రాంతాల్లో పిల్లాపాపలతో పొలాల్లో వజ్రాలు ఏరుకుంటారు. దొరికిన కూలీకి వ్యాపారి ఇంత రొక్కం, ఇన్ని తులాల బంగారం ఇచ్చాడని పత్రికల్లో చదువుతాం. ఆ రాయి తరవాత ఎంతకు మారిందో మాత్రం ఏ పత్రికా రాయదు. గుడ్డ ఇంకా తీయలేదు.

సరే, మా పంచాయితీ. గుణకారం తీసుకొచ్చి మా రాళ్ల మీద పెట్టాను. ఉంగరం రాయి ఒక కారటు. ఒకటిని ఒకటితో గుణిస్తే ఒకటి. దుద్దుల్లో ఒక్కో రాయి కారటులో పదోవంతు. పదోవంతుని పదోవంతుతో గుణిస్తే నూరోవంతు. అలాంటివి పద్నాలుగు, అంటే నూటికి పద్నాలుగు. నలభై సెంట్లు ఎక్కువ తూగిన దుద్దుల విలువ ఉంగరంలో ఏడోవంతుకు తేలింది! బ్రెజిల్ గనులు, ఆ తరవాత దక్షిణాఫ్రికా గనులు బయటపడ్డాక ఈ సూత్రం అక్షరాలా నిలవలేదు, ధరలు వేరే పట్టీల ప్రకారం నడుస్తున్నాయి. కాని దారి మాత్రం అదే. అన్ని రాళ్లూ కలిపి "మొత్తం ఇన్ని కారట్లు" అని చీటీ కట్టిన నగనీ ఒంటిరాయినీ కారటు ధరతో పోల్చడమంటే గోవా మంజాళినీ కొల్లూరు మంజాళినీ పోల్చడమే.

ఈ మాట చెప్పగానే చెల్లాయి మొహం మాడ్చుకుంది. "అయితే ఇప్పుడు నేనే అక్కయ్యకి ఇచ్చుకోవాలా? నీ పుస్తకం ఎవరు చదవమన్నారు?" అంది. అక్కయ్యకూ సంతోషం కనబడలేదు. చివరికి ముగ్గురం కలిసి ఒక కొట్టుకు వెళ్లాం. అక్కడి పెద్దమనిషి దుద్దులు ఒక్క చూపులో తేల్చేశాడు. ఉంగరం మాత్రం భూతద్దం కింద అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు కూచున్నాడు. తెల్లకాగితం మీద బోర్లించి చూశాడు, నీలపు దీపం కింద పెట్టి చూశాడు, రాయి గనిలో పుట్టిందా యంత్రంలో పుట్టిందా అన్న అనుమానం కూడా ఈ రోజుల్లో తీర్చుకోవాలి కదా అన్నాడు. మా తాతగారి నాటి రాయండీ అంటే, అయినా చూడాలి అన్నాడు. తరవాత అద్దం నాకిచ్చి, "ఆ పట్టె అంచు మీద చూడండి" అన్నాడు. చూశాను. ఆవగింజలో అరవయ్యో వంతు నల్లమచ్చ, సరిగ్గా అంచు కింద దాక్కుని ఉంది.

"రామళ్లకోట పని!" అన్నాను ఉత్సాహంగా. ఆయన నన్ను వింతగా చూశాడు.

పైకి చెప్పకుండా ఆయన చిన్న కాగితం మీద రెండు అంకెలు వేసి, నాలుగు మడతలు పెట్టి, వయసులో పెద్దదని కాబోలు, అక్కయ్య చేతిలో పెట్టాడు. అక్కయ్య విప్పి చూసింది. మళ్లీ మడిచి చేతిసంచీలో వేసుకుంది.

"ఏం రాశారే అక్కయ్యా?" అంది చెల్లాయి.

"ఇంటికి పోయాక చెబుతాలే" అంటూ అక్కయ్య ఆ పెద్దమనిషి వైపు తిరిగింది. "ఈ దుద్దుల వెనక మరలు వదులుగా ఉన్నాయండీ. కాస్త బిగించి ఇస్తారూ?"